మంచం కోడు నుంచి జేబు పెన్ను దాకా: ఇంట్లో చెక్క పెన్ను చేసుకునే పద్ధతి

మా ఇంట్లో ఒక పాత నవారు మంచం విరిగింది. నాలుగు కోళ్లలో ఒకదానికి చెద పట్టింది, మూడు బాగానే ఉన్నాయి. పాత సామాన్ల వాడికి వేసేద్దామని మా ఆవిడ అంటే, ఆ మూడింటినీ నేను అటక మీదికి చేర్చాను. ఇప్పుడు నా జేబులో ఉన్న పెన్ను వాటిలో ఒక కోడు నుంచి వచ్చిందే. ఆ కోడు కూడా ఒకప్పుడు తరిమెన మీద తిరిగినదే. చెక్కని గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే ఈ యంత్రానికి లేత్ అనే మాట రాకముందు మన వడ్రంగులు దాన్ని తరిమెన అనేవాళ్లు. బొంగరాలు, మంచం కోళ్లు, ఉయ్యాల కమ్మీలు, లక్కపిడతలు అన్నీ దాని మీదే పుట్టాయి. చెక్క పెన్నూ ఆ ఇంటి బిడ్డే, కాకపోతే దీని కొలతలు మరీ చిన్నవి.

ముందు ఆ కొలతల సంగతి చెప్పాలి. కొత్తవాళ్లు మొదలుపెట్టే మామూలు స్లిమ్‌లైన్ పెన్నులో చెక్క లోపల 7 మి.మీ. లావున్న ఇత్తడి గొట్టం ఉంటుంది. పెన్ను పూర్తయ్యేసరికి చివర్లలో మొత్తం లావు 8 మి.మీ. పైచిలుకు మాత్రమే. అంటే గొట్టం చుట్టూ మిగిలే చెక్క మందం అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. అంత పల్చటి చెక్కకి సొంత బలం ఏమీ ఉండదు. లోపలి గొట్టానికి గట్టిగా అతుక్కుంటేనే అది నిలుస్తుంది. లేత్ దగ్గర ఉలి పట్టే పని పావుగంటలో అయిపోతుంది. పెన్ను బాగుపడేదీ చెడేదీ దానికి ముందు చేసే కోతలో, కన్నంలో, జిగురులో, తర్వాత చేసే మెరుగులో. నా మొదటి ఏడు పెన్నుల్లో నాలుగు పాడయ్యాయి. వాటిలో ఉలి వల్ల పోయింది ఒక్కటే. మిగతా మూడూ ఎలా పోయాయో ఆయా చోట్ల చెబుతాను.

కావలసిన సామాను

మొదటి పెన్నుకి ట్విస్ట్ బాల్‌పెన్ కిట్ తీసుకోండి. పేరు స్లిమ్‌లైన్ అని ఉంటుంది. రెండు ఇత్తడి గొట్టాలు, ముందు మొన, తిప్పితే రీఫిల్ బయటికొచ్చే మెకానిజం, నడుమ వేసే పట్టీ, క్లిప్పు, పైన టోపీ, రీఫిల్, ఇవన్నీ ఒక చిన్న సంచీలో వస్తాయి. ధర వందల్లోనే. ఒకేసారి నాలుగైదు కొనండి, ఎందుకంటే ఒకటి రెండు ఖచ్చితంగా పోతాయి. ఫౌంటెన్ పెన్ను మీద మనసున్నవాళ్లు కూడా ముందు ఇదే చేయాలి. మా రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నుల వాళ్లు ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి, మరలు కూడా అక్కడే కోసి ఫౌంటెన్ పెన్నులు చేస్తారు. అది ఏళ్ల తరబడి నేర్చుకునే విద్య. కిట్ పెన్నుతో ఆ మరల గొడవ మనకి తప్పుతుంది.

లేత్ పెద్దది అక్కర్లేదు. టేబుల్ మీద పట్టే మినీ వుడ్ లేత్, అర హార్స్‌పవర్ మోటారుతో ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో బొమ్మల్లా ఉండే చిన్న డీసీ మోటారు లేత్‌లు తక్కువ ధరకి దొరుకుతాయి. నేను ముందు అదే కొన్నాను. ఉలి కాస్త నొక్కితే చాలు, మోటారు ఆగిపోయేది, పట్టాలు వణికేవి. ఆ డబ్బు దండగ. లేత్‌కి కుదిరే పెన్ మ్యాండ్రిల్ (ముక్కల్ని గుచ్చి తిప్పే సన్నటి కడ్డీ) ఒకటి, మీ కిట్‌కి సరిపడే బుష్షులు (ముక్క చివర్లలో పెట్టే, పెన్ను లావు ఎంతదాకా తగ్గించాలో చూపే ఉంగరాలు) మూడు కావాలి. మ్యాండ్రిల్ దూర్చేందుకు లేత్‌లో మోర్స్ టేపర్ అనే, లోపలికి సన్నబడే కన్నం ఉంటుంది. అది సాధారణంగా ఒకటో నంబరో రెండో నంబరో అయి ఉంటుంది. మ్యాండ్రిల్ కొనేముందు అదేదో చూసుకోండి. బుష్షు కూడా కిట్‌ని బట్టి మారుతుంది, ఒక కిట్‌ది ఇంకోదానికి పట్టదు.

ఇవి కాక 7 మి.మీ. డ్రిల్ బిట్, గొట్టం చివర్లు చదును చేసే బ్యారెల్ ట్రిమ్మర్, చిన్న రంపం, బెంచ్ వైస్, మూలలు కొట్టి గుండ్రం చేసే రఫింగ్ గౌజ్ ఉలి ఒకటి, నునుపుగా కోసే ఏటవాలు అంచు స్క్యూ ఉలి ఒకటి కావాలి. రెండు ఉలులూ హై స్పీడ్ స్టీల్‌వే తీసుకోండి. కార్బైడ్ ముక్క బిగించిన ఉలులూ ఉన్నాయి. వాటికి సానపెట్టే పని లేదు కాబట్టి మొదట్లో సుఖంగా ఉంటాయి. అయితే అవి చెక్కని కోయడం కంటే గీకుతాయి, తర్వాత ఉప్పుకాగితం పని పెరుగుతుంది.

ఏ చెక్క

చెక్క కొనాల్సిన పని మనకి దాదాపు లేదు. పాత ద్వారబంధం, విరిగిన కుర్చీ కాలు, వడ్రంగి దుకాణంలో పొయ్యికి పోయే ముక్కలు చాలు. టేకు సులువుగా తెగుతుంది, దాని గీతలు బాగుంటాయి, కానీ అందులో సహజమైన నూనె ఉండడం వల్ల జిగురు పట్టడం కాస్త కష్టం. ఇరుగుడు గట్టిది, మెరుగు అద్భుతంగా వస్తుంది. చింత చేవ, నల్లతుమ్మ చేవ రెండూ మంచివే, ఉలికి మాత్రం పని పెడతాయి. పనస చెక్క మొదట నిమ్మపండు రంగులో ఉండి, కొన్నేళ్లకి తేనె రంగుకి మారుతుంది. తాటి దూలం చేవతో చేస్తే నల్లటి నారల మధ్య గోధుమరంగు చారలు వస్తాయి. చూడడానికి అంత బాగున్న పెన్ను ఇంకోటి లేదు, తిప్పేటప్పుడు అంత విసిగించేదీ లేదు. నారలు ఊడి లేస్తాయి. దాన్ని పదో పెన్ను దాటాకే ముట్టుకోండి.

ఎర్రచందనం జోలికి వెళ్లకండి. శేషాచలం కొండల చుట్టూ పెరిగే ఆ చెట్టు కర్రని అనుమతి పత్రాలు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. చిన్న ముక్కే కదా అని ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇక తడి సంగతి. నా మొదటి పెన్ను పోయింది దీని వల్లే. పెరట్లో మామిడి కొమ్మ కొట్టించిన నెల రోజులకే ఆత్రం కొద్దీ పెన్ను చేశాను. బాగానే వచ్చింది, చుట్టాలందరికీ చూపించాను. ఏప్రిల్‌లో ఒకరోజు టేబుల్ మీద టప్ మని చప్పుడైంది. చూస్తే పెన్ను నిలువునా చీలి, లోపలి ఇత్తడి కనిపిస్తోంది. చెక్క ఎండేకొద్దీ ముడుచుకుంటుంది. లోపలి గొట్టం ముడుచుకోదు కాబట్టి చెక్కే పగులుతుంది. ఎండిందో లేదో చూడడానికి మీటరు అక్కర్లేదు, వంటింటి కాటా చాలు. ముక్కని పెన్ను కొలతకి కాస్త ఎక్కువగా కోసి, దాని మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాసి అటక మీద పెట్టండి. వారానికోసారి తూచండి. వరసగా మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే అది సిద్ధం. మా మంచం కోడుకి ఈ పరీక్ష కూడా పెట్టలేదు, అన్నేళ్లు ఇంట్లో ఎండిన చెక్కకి ఏం పరీక్ష! పాత చెక్కకి మాత్రం ఒక అయస్కాంతం తిప్పి చూడండి. లోపల మేకు విరిగి ఉంటే ఉలీ పోతుంది, కంటికీ ప్రమాదం.

కోత, కన్నం

18 నుంచి 20 మి.మీ. చదరంగా, 130 మి.మీ. పొడవుగా ముక్క కోయండి. కోసిన వెంటనే ఒక పక్కన పొడుగునా రెండు పెన్సిల్ గీతలు గీయండి, కింద దగ్గరగా, పైకి పోయేకొద్దీ దూరంగా. తర్వాత ముక్కని మధ్యకి రెండుగా కోస్తాం. ఈ గీతలుంటేనే ఏది పైది, ఏది కిందిది, ఏ వైపు ఏ వైపుకి కలవాలి అన్నది తెలుస్తుంది. గీత గీయకుండా కోస్తే పెన్ను నడుమ చెక్క గీతలు తెగిపోయినట్టు కనిపిస్తాయి. చూసేవాళ్లకి కారణం తెలియదు గానీ ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది.

గొట్టం పొడవు కంటే ఒక్కో ముక్క కనీసం పది మి.మీ. ఎక్కువ ఉండాలి. కారణం ఉంది. డ్రిల్ బిట్ అవతలి వైపు బయటికొచ్చేటప్పుడు చెక్క పెచ్చు లేస్తుంది. అందుకని కన్నం పూర్తిగా అవతలికి పోకముందే ఆపి, మిగిలిన కొసని రంపంతో కోసేస్తే కన్నం శుభ్రంగా తెరుచుకుంటుంది. పొడవు లేకపోతే ఈ సౌకర్యం ఉండదు.

కన్నం నిటారుగా పడడం ముఖ్యం. డ్రిల్ ప్రెస్ ఉంటే ముక్కని వైస్‌లో నిలువుగా బిగించి, చిన్న మూలమట్టంతో రెండు వైపులా నిలువు సరిచూసుకోండి. లేకపోతే లేత్ మీదే చక్‌లో, అంటే బిగించి పట్టే దవడల్లో, ముక్కని పట్టించి, ఎదురు కొసన ముందుకీ వెనక్కీ జరిగే టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ చక్ పెట్టి కన్నం వేయొచ్చు. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది, కన్నం దానంతటదే మధ్యలో పడుతుంది. చేతి డ్రిల్‌తో వేయగలరా అంటే వేయొచ్చు, నాలుగింట్లో మూడు వంకర పోతాయి.

వేగం తక్కువలో పెట్టండి, నిమిషానికి ఆరేడు వందల చుట్లు చాలు. ఒక సెంటీమీటరు దిగగానే బిట్‌ని పూర్తిగా బయటికి లాగి పొట్టు దులపండి. మళ్లీ దించండి, మళ్లీ లాగండి. ఇరుగుడు, తుమ్మ లాంటి గట్టి చెక్కల్లో పొట్టు ఇరుక్కుని వేడెక్కితే లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. అవి అప్పుడు కనిపించవు, మెరుగు పెట్టాక బయటపడతాయి. కన్నం వేశాక ముక్కని ఒక గంట చల్లారనివ్వండి. గొట్టాన్ని ఒట్టిగా దూర్చి చూడండి. కొంచెం వదులుగా, తేలిగ్గా జారాలి. జిగురుకి కాస్త చోటు కావాలి కదా.

గొట్టం అతికించడం

ఇత్తడి గొట్టం పైన తళతళలాడుతుంది. ఆ నునుపు మీద జిగురు నిలవదు. 150 నంబరు ఉప్పుకాగితంలో చుట్టి గట్టిగా తిప్పితే రంగు మసకబారి గరుకుగా అవుతుంది. ఆ తర్వాత దాన్ని వేలితో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటుకుంటుంది. చెక్క టేకు అయితే కన్నం లోపల ఒకసారి స్పిరిట్ తడిపిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి.

గొట్టం లోపలికి జిగురు పోతే తర్వాత మెకానిజం దూరదు. దానికి విరుగుడు వంటింట్లోనే ఉంది. బంగాళాదుంపని అర అంగుళం మందాన చక్రంలా కోసి, గొట్టం చివరని దాంట్లో గుచ్చి లాగితే చిన్న బిరడా దాని నోట్లో ఇరుక్కుంటుంది. జిగురు ఆరాక దాన్ని ఒక పుల్లతో తోసేయడమే. మర్చిపోతే ఇత్తడి లోపల పచ్చబారుతుంది, కాబట్టి మర్నాడే తీయండి.

జిగురు రెండు రకాలు. ఫెవిక్విక్ జాతి సయనోయాక్రిలేట్ జిగురులో చిక్కటిది దొరికితే వాడొచ్చు. లేదంటే అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ. నా ఓటు ఎపాక్సీకే. నా రెండో పెన్ను పల్చటి సూపర్ గ్లూతో, అంటే ఆ ఫెవిక్విక్ జాతి జిగురుతోనే పోయింది. గొట్టం సగం దూరాక ఊపిరి పీల్చుకునేలోపు పట్టేసింది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. సుత్తితో కొడితే చెక్క చీలింది. ఎపాక్సీ అయితే సరిదిద్దుకునే వ్యవధి ఇస్తుంది. కన్నం లోపల పుల్లతో కాస్త పూసి, గొట్టం మీద పూర్తిగా పూసి, గుండ్రంగా తిప్పుతూ లోపలికి తోయండి, ఒకసారి వెనక్కి లాగి మళ్లీ తోయండి. ఇలా తిప్పితేనే జిగురు అన్ని వైపులా పరుచుకుంటుంది. ఎక్కడైనా ఖాళీ మిగిలితే, లేత్ మీద అక్కడే చెక్క ఎగిరిపోతుంది. గొట్టం రెండు చివర్లూ చెక్క లోపలే, అంచుకి ఒక మి.మీ. లోపు ఉండాలి. రాత్రంతా వదిలేయండి.

చివర్లు చదును చేయడం

చెక్క చివర గొట్టానికి సరిగ్గా లంబంగా ఉండాలి. లేకపోతే పెన్ను కూర్చాక నడుమ పట్టీ దగ్గర సన్నటి సందు కనిపిస్తుంది. బ్యారెల్ ట్రిమ్మర్ కడ్డీని గొట్టంలో దూర్చి, చేతి డ్రిల్‌తో మెల్లగా తిప్పండి. చెక్క అరుగుతూ వచ్చి, చుట్టూ ఇత్తడి ఉంగరంలా మెరవగానే ఆగాలి. ఒక వైపే మెరిస్తే ఇంకొంచెం. ఉంగరం పూర్తయ్యాక ఇంకా తిప్పితే గొట్టమే పొట్టి అవుతుంది. స్లిమ్‌లైన్‌లో రీఫిల్ ఎంత బయటికి రావాలన్నది ఈ గొట్టం పొడవు మీదే ఆధారపడింది. ట్రిమ్మర్ పళ్లు మొద్దుబారితే చెక్క అంచులు పెచ్చులేస్తాయి, చిన్న వజ్రపు ఆకురాయితో నాలుగు సార్లు రాస్తే సరిపోతుంది.

లేత్ ఎక్కించే ముందు

మెడలో గొలుసు, తాయెత్తు, జంధ్యం చొక్కా లోపలికి. మణికట్టుకి కట్టిన ఎర్రదారం తీసేయండి, మొక్కు మొక్కే, లేత్ లేతే. చొక్కా చేతులు మోచేతి పైకి మడవండి. జడ ఉన్నవాళ్లు ముడి వేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి. లుంగీతో లేత్ దగ్గరికి రాకండి. చేతి గ్లౌజులు వేసుకోవద్దు, తిరిగేదానికి గ్లౌజు చిక్కితే వేలు కూడా వెంట పోతుంది. ముఖానికి ప్లాస్టిక్ షీల్డు, ముక్కుకి ఎన్95 మాస్కు తప్పనిసరి. చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టారు, అదీగాక ఇరుగుడు ధూళి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. గాలి బాగా ఆడే చోటే ఈ పని పెట్టుకోండి. నాది డాబా మీద రేకుల షెడ్డు, వేసవిలో ఉదయం తొమ్మిది దాటితే అక్కడ నిలబడలేం.

తిప్పడం

మ్యాండ్రిల్ మీద వరస ఇది: బుష్షు, ముక్క, బుష్షు, ముక్క, బుష్షు, చివర నట్టు. పెన్సిల్ గీతలు ఒక వరసలో ఉండేలా చూడండి. నట్టు వేళ్లతో బిగిస్తే చాలు. టెయిల్‌స్టాక్ కూడా తాకీ తాకనట్టు ఆనించాలి. ఇక్కడ బలం చూపిస్తే సన్నటి మ్యాండ్రిల్ కడ్డీ విల్లులా వంగుతుంది. అప్పుడు పెన్ను ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా వస్తుంది. చేత్తో తడిమితే తెలియదు, బుష్షు పక్కన చూస్తే ఒక వైపు మెట్టు కనిపిస్తుంది.

ఉలి ఆనించే బల్లని ముక్కకి మూడు నాలుగు మి.మీ. దూరంలో, ముక్క మధ్య ఎత్తుకి బిగించండి. మోటారు వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి, మూలలు ఎక్కడా తగలకూడదు. ఇది అలవాటయ్యేదాకా ప్రతిసారీ చేయాలి, అలవాటయ్యాక కూడా చేయాలి. మొదట వేగం 1500 దగ్గర పెట్టి, ముక్క గుండ్రబడ్డాక 2500 దాకా పెంచుకోవచ్చు.

రఫింగ్ గౌజ్‌ని ముందు బల్ల మీద గట్టిగా ఆనించండి, పిడి కిందికి ఉంచండి. ఉలి వీపు, అంటే సానపట్టిన ఏటవాలు భాగం, ముందు తిరిగే చెక్కకి తాకాలి. ఇంకా ఏమీ తెగదు, ఒట్టి చప్పుడే వస్తుంది. ఇప్పుడు పిడిని మెల్లగా పైకి ఎత్తండి. అంచు చెక్కలోకి దిగి పొట్టు లేవడం మొదలవుతుంది. అక్కడే ఆగి, అదే కోణంలో పక్కకి జరపండి. మూలలు పోయేదాకా టకటకమని చప్పుడు వస్తుంది, గుండ్రబడగానే అది సన్నటి ఈల లాంటి శబ్దంగా మారుతుంది. ఎప్పుడూ మధ్య నుంచి చివరికే కోయండి. చివరి నుంచి మధ్యకి వస్తే అంచు చెక్క చీలి లేస్తుంది.

మా వీధి చివర ఒక పెద్దాయన వడ్రంగి పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. ఒకరోజు డాబా ఎక్కి నా పని చూసి, "ఆ పొట్టు చూడు బాబూ, పిండిలా రాలుతోంది. పదును పోయింది. చిత్రిక పొట్టులా చుట్టలు చుట్టుకుంటూ రావాలి" అన్నారు. "ఇందాకే సాన పట్టానండీ ఆచారి గారూ" అన్నాను. "చింత కర్ర కదా, ఇందాక పట్టింది ఇందాకే పోయింది" అని నవ్వారు. ఆ రోజు నుంచి ఒక్కో పెన్నుకి రెండు సార్లు సాన పడతాను. సాన పట్టడం బద్ధకంగా ఉంటే ఆ రోజు పెన్ను మొదలుపెట్టను.

బుష్షు మట్టానికి ఒక మి.మీ. ఎత్తు ఉండగా స్క్యూ ఉలికి మారండి, లేదా గౌజ్‌తోనే చాలా పల్చగా కోయండి. స్క్యూలో ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు: అంచులో కింది సగంతోనే కోయాలి. పై పొడుగు మొన చెక్కకి తగిలిందంటే ఒక్క క్షణంలో ముక్క మీద మరలాంటి లోతైన గాడి పడుతుంది. ఉలి వల్ల పోయిందన్న నా పెన్ను అదే, ఇరుగుడు ముక్క, ఇంకో నిమిషంలో అయిపోయేది.

ఆకారం మీ ఇష్టం. నేను కింది ముక్కని వేలు ఆనే చోట కొంచెం పొట్టగా ఉంచుతాను. బుష్షుకి అర మి.మీ. ఎత్తు మిగిలి ఉండగానే ఉలి ఆపేయాలి, మిగతాది కాగితం పని.

ఉప్పుకాగితం

లేత్ వేగం సగానికి తగ్గించండి. 180తో మొదలుపెట్టి 240, 320, 400, 600 దాకా వెళ్లండి. ఒక నంబరు అయ్యాక లేత్ ఆపి, అదే కాగితంతో చెక్క నార వెంబడి పొడుగునా చేత్తో నాలుగు సార్లు రుద్దండి. తిరిగేటప్పుడు పడ్డ అడ్డగీతలు ఇలా పోతాయి. తర్వాత ధూళి తుడిచి పై నంబరుకి వెళ్లండి. నంబరు దాటేసి తొందరపడితే 180 గీతలు అలాగే ఉండిపోతాయి. ఇప్పుడు కనిపించవు, మెరుగు ఎక్కగానే గ్రామఫోన్ రికార్డులా బయటపడతాయి.

కాగితం బుష్షు మీదికి పోనివ్వకండి. ఇనుప బుష్షు అరిగి వచ్చే నల్లటి పొడి పనస లాంటి లేతరంగు చెక్క రంధ్రాల్లోకి పోతే ఇక పోదు. వేలికి వేడి తగిలితే కాగితం తీసి ఒక నిమిషం ఆగండి. గట్టి చెక్కలు ఈ వేడికే పగులుతాయి.

మెరుగు

నాకు ఈ పనిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. మూడు దారులున్నాయి.

మొదటిది లక్క పాలిష్. వడ్రంగి దుకాణాల్లో స్పిరిట్‌లో లక్క రేకులు కరిగించి వాడేదే. దానిలో సమానంగా ఉడికించిన అవిసె నూనె, ఇంకొంచెం స్పిరిట్ కలిపితే ఫ్రిక్షన్ పాలిష్ తయారవుతుంది. మడిచిన టిష్యూ కాగితం మీద నాలుగు చుక్కలు వేసి, లేత్ ఆపి ఉండగానే ముక్కంతా తడపండి. తర్వాత వేగం పెంచి, కాగితాన్ని వేడి తెలిసేదాకా ఒత్తి ఉంచండి. వేడికి స్పిరిట్ ఎగిరిపోయి లక్క నిగనిగలాడుతుంది. మూడు నాలుగు పూతలు చాలు, పదినిమిషాల పని. చెక్క చెక్కలాగే చేతికి తగులుతుంది. లోపం ఏమిటంటే, రోజూ వాడితే ఆర్నెల్లలో చెమటకి మసకబారుతుంది, శానిటైజర్ పడితే మరకలవుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలు, కాగితాలు ఉండలా చుట్టి చెత్తబుట్టలో వేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టి పారేయండి.

రెండోది సూపర్ గ్లూ పూత. ఎక్కువమంది పెన్ను చేసేవాళ్లు వాడేది ఇదే, అద్దంలా మెరుస్తుంది, ఏళ్లు నిలుస్తుంది. లేత్ బాగా మెల్లగా తిప్పుతూ, టిష్యూ ముక్క మీద రెండు మూడు చుక్కల పల్చటి జిగురు వేసి, ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే ఊపులో పూయండి. వెనక్కి రుద్దకండి. ఆరనిచ్చి మళ్లీ పూయండి. పది పన్నెండు పూతలు పడాలి. దూది గానీ నూలు గుడ్డ గానీ వాడకండి. నూలుకి ఈ జిగురు తగిలితే పొగలు కక్కేంత వేడి పుట్టి చేయి కాలుతుంది. ఆవిరి కళ్లని మండిస్తుంది, ముఖం దగ్గరగా పెట్టకండి, ఫ్యాను మీ వెనక నుంచి ఉండాలి. పూత వేసేముందు ఇనుప బుష్షులకి మైనం రాయండి, లేదంటే జిగురు అంటని తెల్ల ప్లాస్టిక్ బుష్షులు పెట్టండి. నేను ఒకసారి మైనం రాయకుండా పూసి, బుష్షుని వేరు చేయడానికి కత్తిమొనతో కీలు చుట్టూ గీయాల్సి వచ్చింది, చచ్చీచెడీ వచ్చింది.

ఈ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. అందువల్ల వానాకాలం గోదావరి జిల్లాల్లో ఇది తొందరగా బిగిసి తెల్లటి బూడిదలాంటి పొర కడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో నేను ఈ పూత పెట్టుకోను. పూతలయ్యాక మైక్రోమెష్ అనే మెత్తటి గుడ్డకాగితం 1500 నుంచి 12000 దాకా తొమ్మిది నంబర్లలో వస్తుంది. ఒక్కోదాన్ని నీళ్లలో తడిపి రుద్దాలి. మొదటి నంబరుతో రుద్ది తుడిచాక పూత అంతా మసకగా కనిపించాలి. ఎక్కడైనా మెరిసే చుక్క ఉందంటే అక్కడ పల్లం ఉన్నట్టు, అది పోయేదాకా రుద్దాలి. చివర్లలో నీళ్లు నిలవనివ్వకండి, చెక్క అంచు పీల్చుకుంటే పూత కింద తెల్లగా ఉబ్బుతుంది.

మూడోది మన సొంత పద్ధతి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకి రంగు లక్క పూసే తీరు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ లక్కని రంగులతో కలిపి కడ్డీలుగా చేసుకుంటారు. తిరిగే చెక్కకి కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకు మడిచి ఒత్తితే అది సమంగా పరుచుకుని మెరుస్తుంది. పెన్ను మీద దీన్ని ప్రయత్నించాను. ఎరుపు, పసుపు పట్టీలు వేసిన కింది ముక్క చిన్నప్పటి లక్కపిడతలా వచ్చింది. కష్టం ఏమిటంటే పెన్ను సన్నగా ఉంటుంది, వేడి ఎక్కువైతే లోపలి జిగురు సడలుతుంది. ఒక్కోసారి అయిదారు క్షణాలకి మించి ఒత్తకండి. లేతరంగు, సన్న నార ఉన్న చెక్క ఎంచుకోండి. ఇలాంటి పెన్నుని ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకూడదు.

మూడింట్లో ఏదైనా, కూర్చే ముందు ఒకరోజు ఆరనివ్వండి.

కూర్పు

బల్ల మీద గుడ్డ పరిచి, పెన్ను వరసలోనే అన్ని భాగాలూ పేర్చండి. గొట్టాల లోపల జిగురు పెంకులు ఉంటే గుండ్రటి ఆకురాయితో గీకేయండి. నొక్కడానికి బెంచ్ వైస్ చాలు, దాని దవడలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. కింది ముక్కలో ముందు మొన నొక్కండి. ఒకసారి నొక్కాక మళ్లీ తీయడం కష్టం, పై కింద చూసుకోండి. తర్వాత దాని రెండో చివర నుంచి మెకానిజం, ఇత్తడి వైపు లోపలికి పోయేలా. మెకానిజం మీద చిన్న గాడి గీత ఉంటుంది, అక్కడికి ఇంకా మూడు మి.మీ. ఉండగానే ఆపి, రీఫిల్ పెట్టి తిప్పి చూడండి. మొన చాలినంత రాకపోతే వైస్‌ని పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. ఇలా కొంచెం కొంచెంగానే. నా మూడో నష్టం ఇక్కడే. ఒకేసారి గట్టిగా నొక్కాను, రీఫిల్ మొన బయటికొచ్చి ఇక లోపలికి పోలేదు. ఆ పెన్ను ఇప్పటికీ మా ఇంట్లో పాల లెక్క రాయడానికి ఉంది, జేబులో పెడితే చొక్కా పాడవుతుంది.

పై ముక్కలో క్లిప్పు, టోపీ కలిపి నొక్కండి. నడుమ పట్టీని మెకానిజానికి తొడిగి, పై ముక్కని చేత్తో తోయండి. రెండు ముక్కల చెక్క గీతలు కలిసేలా తిప్పుకుంటే అయిపోయినట్టే.

మంచం కోడు పెన్ను పూర్తవగానే ముందు ఆచారి గారికి పట్టుకెళ్లి ఇచ్చాను. వెలుతురులోకి తిప్పి చూశారు, నడుమ పట్టీ దగ్గర గోరు పెట్టి మెట్టు ఉందేమోనని తడిమారు, ఏమీ అనలేదు. పాత క్యాలెండరు వెనక తన పేరు రాసుకున్నారు. "చెక్క పని బాగుంది బాబూ. రీఫిల్ మార్చు, గీత తెగుతోంది" అన్నారు. నిజమే, చౌక కిట్లతో వచ్చే రీఫిల్ అంతంతమాత్రంగానే రాస్తుంది. క్రాస్ రకం రీఫిల్ మంచిది ఒకటి కొని వేసి, సాయంత్రం మళ్లీ తీసుకెళ్లాను.